నానమ్మ సగం

మా ఇంట్లో మరియమ్మకి చెప్పుకునే మంగళవార్త జపం రెండు ముక్కలుగా ఉండేది. మొదటి ముక్క మా ఆవిడది, రెండోది నాది. జపమాల ఎక్కడ చెప్పినా పద్ధతి అదే అనుకోండి. ఒకరు మొదలుపెడతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. కాకపోతే గుళ్ళో రోజుకొకరు మొదలుపెడతారు. మా ఇంట్లో నలభై ఒక్క ఏళ్ళు ఆరోగ్యమ్మే మొదలుపెట్టింది, నేనే అందుకున్నాను. "పరిశుద్ధ మరియమ్మా" అన్న దగ్గర నుంచి "ఆమెన్" దాకా, మాలలో పూసకొకటి చొప్పున సాయంత్రానికి యాభై మూడు సార్లు. దానికి ముందున్న మాటలు నేను నా నోటితో ఎప్పుడూ అనలేదు. అవసరం పడలేదు.

గొప్ప భక్తితో అందుకున్నానని చెప్పను. ధవళేశ్వరం లాకుల దగ్గర ముప్పై మూడేళ్ళు లస్కరుగా చేశాను. పొద్దస్తమానం తలుపులు ఎత్తడం, దించడం, పై ఆఫీసరు మాట కింద రైతుకి, కింద రైతు తిట్టు పై ఆఫీసరుకి చేరవేయడం. ఇంటికొచ్చేసరికి ఏడు. టీవీలో వార్తలు వచ్చేదీ ఏడింటికే, ఆవిడ మరియమ్మ పటం ముందు కొవ్వొత్తి వెలిగించేదీ ఏడింటికే. నేను టీవీ గొంతు నొక్కేవాణ్ణి గానీ బొమ్మ ఆపేవాణ్ణి కాదు. కన్ను అక్కడ, నోరు ఇక్కడ.

ఆవిడకి తెలుసు. తెలిసీ ఏమీ అనేది కాదు. కానీ నేను అందుకోవడం ఆలస్యమైతే మాత్రం ఆగేది. పూసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నా వైపు చూడకుండా, అలాగే ఉండిపోయేది. నేను ఆమెన్ అనేదాకా ఆ పూస జరిగేది కాదు. ఒకసారి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవరులో పడి ఆవిణ్ణి పూర్తిగా మర్చిపోయాను. ఎంతసేపు ఆగిందో ఏమో, చివరికి మెల్లగా అంది. "ఏవండీ, మరియమ్మగారు నిలబడే ఉన్నారండీ. కాళ్ళు నొప్పెడతాయి."

మా అబ్బాయి జోజిబాబుది భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. ఆదివారాలు వస్తాడు. కోడలు హారతి రాజమండ్రిలో చీరల షాపులో పనిచేస్తుంది. షాపు కట్టేసి ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. హారతి వాళ్ళది పిఠాపురం. పెళ్ళికి ముందు జ్ఞానస్నానం పుచ్చుకుంది, ఆదివారం పూజ మానదు, మంచి పిల్ల. కానీ జపాలకి ఇప్పటికీ పుస్తకం కావాలి. కాబట్టి వాళ్ళ కూతురు చిన్నికి దేవుణ్ణి పరిచయం చేసే పని మొత్తం మా ఆవిడ నెత్తిన పడింది. పడిందనకూడదు, లాక్కుంది.

చిన్నికి మాటలు రాకముందే చెయ్యి పట్టుకుని సిలువ గుర్తు వేయించింది. పప్పన్నం పెడుతూ పరలోక జపం నేర్పింది, ముద్దకొక మాట చొప్పున. జడ వేస్తూ విశ్వాస సంగ్రహం నేర్పింది. పిల్ల తప్పు చెబితే జడ కొంచెం గట్టిగా లాగేది. మంగళవార్త మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సాయంత్రం జపమాలకి చిన్ని వచ్చి నా పక్కన కూర్చునేది. నాతో పాటు అందుకునేది. అలా వచ్చేసింది. ఎంత వచ్చిందో ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరిలో ఆరోగ్యమ్మ పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. నాలుగు రోజులు రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. మూడో రోజు ఫాదర్‌గారు వచ్చి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి పూసే తైలం రాసి వెళ్ళారు. నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకి అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. పెట్టె ఇంటికి తెచ్చినప్పుడూ రాలేదు, సమాధుల తోటలో గుప్పెడు మట్టి వేసినప్పుడూ రాలేదు. నలభయ్యో రోజు పూజకి వచ్చినవాళ్ళు బాలశౌరి గట్టివాడురా అనుకున్నారు. గట్టితనం కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, నేను మొత్తం అలా ఉన్నాను. అన్నం తిన్నాను. టీ తాగాను. టీలో చక్కెర వేశారో లేదో తెలిసేది కాదు. కరెంటు పోతే ఫ్యాను కింద అలాగే కూర్చునేవాణ్ణి, మళ్ళీ వచ్చేదాకా.

ఏడింటికి మాత్రం ఇంట్లో ఉండేవాణ్ణి కాదు. చిన్నిని పక్కింటి బుజ్జమ్మగారి దగ్గర వదిలి కాలవ గట్టు మీదకి పోయేవాణ్ణి. ఎనిమిదికి తిరిగొచ్చేవాణ్ణి. పటం ముందు కొవ్వొత్తి సగం కాలి ఉన్నది అలాగే ఉంది.  

పాస్కాకి, అంటే ఈస్టరుకి, వారం ముందు మ్రానికొమ్మల ఆదివారం పూజ అయ్యాక సిస్టర్ రోజలిన్ నన్ను గుడి అరుగు దగ్గర ఆపారు. గుళ్ళో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేది ఆవిడే. చేతిలో పిల్లల పేర్ల కాగితం ఉంది.

"బాలశౌరిగారూ, చిన్ని సంగతి మాట్లాడాలండి. విశ్వాస సంగ్రహం గుక్క తిప్పుకోకుండా చెప్పిందండి. పరలోక జపం బ్రహ్మాండం. మంగళవార్త మాత్రం మధ్యలోంచి మొదలెడుతుందండి."

"మధ్యలోంచంటే?"

"పరిశుద్ధ మరియమ్మా దగ్గర్నుంచండి. ముందుది చెప్పమ్మా అంటే నోరు మూసేసుకుంటుంది. పుస్తకం చూసి నేర్చుకోమందామంటే ఇంగ్లీషు మీడియం కదండీ, తెలుగు కూడబలుక్కుంటుంది." ఆవిడ కాగితం మడిచారు. "పాస్కా తర్వాత గురువారం అందరికీ జపాల పరీక్ష. శనివారం పాపసంకీర్తనం, ఆదివారం మొదటి సత్ప్రసాదం. మూడు జపాలూ నోటికి రాకపోతే ఫాదర్‌గారు ఒప్పుకోరండి, వచ్చే ఏడాదికి ఆపేస్తారు. మీరున్నారు కదా, కాస్త చెప్పండి. మీకు నలభై ఏళ్ళ అలవాటు."

సరేనన్నాను. నా అలవాటు ఎంతవరకో ఆవిడకి చెప్పలేదు.

పూజలో పిల్ల మొదటిసారి అప్పం అందుకునే రోజది, ఆ మొదటి సత్ప్రసాదం ఫ్రాకు జనవరిలోనే కుట్టించేసింది మా ఆవిడ. తెల్ల నెట్టు, చేతులకి లేసు. ఇంకా మూడు నెలలుంది కదే అంటే, నేను ఉంటానో ఉండనో అంది. అప్పుడు నేను విసుక్కున్నాను. ఆసుపత్రికి ఆటో ఎక్కేటప్పుడు కూడా ఆవిడ అడిగింది ఒక్కటే. "చిన్ని సత్ప్రసాదం ఆపకండేం." ఆ ఫ్రాకు తలుపు వెనక ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. వచ్చే ఏడాదికి పిల్లకి పట్టదు.

ఆ సోమవారం చిన్నిని ఎదురుగా కూర్చోబెట్టుకుని జపాల పుస్తకం తెరిచాను. పేజీ దొరికింది. మొదటి మాట మీద వేలు పెట్టాను. అది చదివితే చాలు, పిల్ల నా వెనక అంటుంది. నోరు తెరిచాను. రాలేదు. లేచి నీళ్ళు తాగాను. మళ్ళీ వేలు పెట్టాను. రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పాస్కా ముందరి నలభై రోజుల తపస్సు కాలంలో, ఫాదర్‌గారి చెవిలో తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వరసలో నిలబడి, నా ముందు ఇద్దరున్నారనగా బయటికి వచ్చేశాను.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం వార్డులో ఎనిమిది మంచాలున్నాయి. అన్నిటి దగ్గరా మనుషులు. పక్క మంచం మీద రాజుగారొకాయన, ఆయన భార్య జానకీదేవిగారు స్టూలు మీద కూర్చుని పైకే ఏవో స్తోత్రాలు చదువుకుంటున్నారు. మా ఆవిడ కళ్ళు తెరిచి ముక్కు మీది మాస్కు కిందకి లాక్కుంది. చేతిలో జపమాల ఉంది. మాల మొదట్లో మూడు పూసలుంటాయి, వాటిలో మొదటిది పట్టుకుని తన ముక్క చెప్పింది. చెప్పి ఆగింది. నేను చుట్టూ చూశాను. అందరూ మా వైపే చూస్తున్నట్టు అనిపించింది. "ఇక్కడెందుకే, ఇంటికెళ్ళాక చెప్పుకుందాం, పడుకో" అన్నాను. మాస్కు పైకి లాగాను. ఆవిడ మళ్ళీ కిందకి లాక్కుంది. రెండోసారి చెప్పింది. ఆగింది. నేను సెలైను వైపు చూశాను. మూడోసారి గొంతు సరిగా రాలేదు గానీ చెప్పింది. నేను టీ తాగొస్తానని లేచాను. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ పచ్చ గుడ్డ లాగేశారు.

జానకీదేవిగారు సిగ్గుపడలేదు. ఆవిడ దేవుణ్ణి ఆవిడ పైకే పిలుచుకుంది. నాకే సిగ్గేసింది. నలభై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేల సార్లు అందుకున్నానో లెక్క లేదు. అందుకోవలసిన రోజున మూడు సార్లు అందుకోలేదు.

పుస్తకం మూసేశాను. "మీ అమ్మ వచ్చాక చదివిస్తుందిలే" అన్నాను చిన్నితో.

హారతి రోజంతా నిలబడి వచ్చిన కాళ్ళతోనే పిల్ల పక్కన కూర్చుని పుస్తకం చూసి చదివింది. తను మొదటి ముక్క చదవగానే చిన్ని రెండో ముక్క అందేసుకుంది. "అది కాదమ్మా, ఇది చెప్పు" అంటే తల అడ్డంగా ఊపింది. మర్నాడు ఫోనులో జపం పెట్టింది. ఫోనులో ఎవరో మంచి గొంతుతో రెండు ముక్కలూ కలిపి చెప్పుకుంటూ పోతున్నారు. చిన్ని మధ్యలో దూరబోయి, అందక, ఫోను వైపు చిరాగ్గా చూసింది.

"ఇది ఆగట్లేదమ్మా" అంది.

"ఫోను ఎందుకు ఆగుతుందే?"

"నానమ్మ ఆగేది."

హారతి నా వైపు చూసింది. "మావయ్యగారూ, మీరోసారి చెప్పి చూడండి. మీ మాటయితే వింటుంది." నాకు తలనొప్పిగా ఉందని పడుకున్నాను. పాస్కా పండుగ వచ్చింది, వెళ్ళింది. ఆ వారమంతా రోజూ రేపు చెబుదాం అనుకున్నాను.

గురువారం గుళ్ళో పిల్లలు పద్దెనిమిది మంది. ఒక్కొక్కరే ముందుకెళ్ళి చేతులు కట్టుకుని చెబుతున్నారు. పెద్దవాళ్ళం వెనక బెంచీల్లో. చిన్ని వంతు వచ్చింది. మొదటి రెండు జపాలూ నదరుగా చెప్పింది. "ఇప్పుడు మంగళవార్త" అన్నారు సిస్టర్.

చిన్ని నోరు తెరవలేదు. బెదిరిపోయి కాదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, నిలబడింది. ఎవరో మొదలుపెడతారని ఎదురుచూసే పిల్లలా ఉంది. తర్వాత వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను ముందు బెంచీ మీద ఎవరో వదిలేసిన పాటల పుస్తకం వైపు చూశాను.

బయటికి వచ్చాక సిస్టర్ గొంతు తగ్గించి అన్నారు. "రేపు ఒక్కరోజు చూస్తానండి. సాయంత్రం ఐదింటికి తీసుకురండి. రాకపోతే ఎల్లుండి ఫాదర్‌గారికి ఇచ్చే లిస్టులో పేరు ఉండదు. నన్నేం అనుకోకండి."

 ఇంటికొచ్చి చిన్ని స్నానం చేసింది, పెరుగన్నం తింది. ఏడవుతోంది. నేను చెప్పులు వేసుకున్నాను.

"గట్టు మీదకా తాతయ్యా?"

"ఆ. నువ్వు బుజ్జమ్మగారింటికి పద."

"నేను పోను."

చెప్పులు విడిచి బల్ల మీద కూర్చున్నాను. కోపంగా ఉంది. పిల్ల మీదో, ఎవరి మీదో. "నిజం చెప్పు చిన్నీ. నీకు మొదటి ముక్క రాదా?"

మోకాలి మీది పొక్కు గిల్లుకుంది. "వచ్చు."

"వచ్చా? వస్తే సిస్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"అది నానమ్మది కదా."

"నానమ్మ లేదు కదమ్మా ఇప్పుడు."

"లేకపోతే? నేను చెప్పేస్తే అది నాదయిపోతుంది. మరి నానమ్మకి ఏది ఉంటుంది?"

"ఆ నానమ్మే కదే నీకు ఫ్రాకు కుట్టించింది. నీ సత్ప్రసాదం ఆపొద్దని చెప్పి మరీ వెళ్ళింది. ఆ ముక్క ఒక్కటి చెబితే ఏం పోయింది నీకు?" గొంతు పెరిగింది నాకు.

చిన్ని జంకలేదు. "మరి నువ్వెందుకు చెప్పట్లేదు? నీది నీకు వచ్చు కదా. నానమ్మ వెళ్ళిపోయాక ఒక్కసారి కూడా చెప్పలేదు. గుళ్ళో కూడా నోరు కదపట్లేదు. నేను చూస్తున్నాను."

ఎనిమిదేళ్ళ పిల్ల. చూస్తూనే ఉందన్నమాట. ఇంకెవరూ చూడలేదు, మా అబ్బాయి కూడా చూడలేదు.

"ఆసుపత్రిలో నానమ్మ మొదలుపెట్టిందమ్మా" అన్నాను. "నేను అందుకోలేదు."

"ఎన్నిసార్లు?"

"మూడు సార్లు."

"అక్కడ టీవీ ఉందా?"

"లేదు."

"మరి?"

"సిగ్గేసింది. అందరూ ఉన్నారని."

చిన్ని నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. లెక్క చేస్తున్నదానిలా కాసేపు పటం వైపు చూసింది.

"మూడంటే మాల మొదట్లో ఉండే మూడే కదా" అంది. "అయితే నానమ్మ ఇంకా అక్కడే ఆగి ఉంటుంది తాతయ్యా. నువ్వు చెప్పకుండా నానమ్మ పూస జరపదు కదా."

 ఈ రెండున్నర నెలలూ నేను రకరకాలుగా అనుకున్నాను. కోపంతో పోయిందని, నా వల్లే పోయిందని, నన్ను క్షమించి పోయిందని కూడా. ఆగి ఉంటుందని మాత్రం అనుకోలేదు.

"నేను నానమ్మది చెబుతాను. నువ్వు నీ మూడూ చెప్పేయ్" అంది చిన్ని. "నువ్వు చెబితే రేపు సిస్టర్‌కి నేను రెండు ముక్కలూ చెప్పేస్తాను. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను."

ఆరోగ్యమ్మ జపమాల ఆవిడ చేతులతో పాటే మట్టిలోకి వెళ్ళింది. సత్ప్రసాదానికని నిర్మలగిరి మరియమ్మ గుడి నుంచి తెచ్చిపెట్టిన తెల్ల ప్లాస్టిక్ మాల ఫ్రాకు కవరులోనే ఉంది. చిన్ని కుర్చీ వేసుకుని దాన్ని తీసింది. సగం కాలిన కొవ్వొత్తిని నేను వెలిగించాను. చిన్ని నా పక్కన కూర్చోలేదు. ఎదురుగా, మా ఆవిడ కూర్చునే చాప చివర కూర్చుని, పావడా సర్దుకుంది.

మొదలుపెట్టింది. ఒక్క మాట తప్పు పోలేదు. చివరి మాట దగ్గర మా ఆవిడ కొంచెం సాగదీసేది, అదీ ఉంది. చెప్పి ఆగింది.

నా గొంతు ముందు గాలిలా వచ్చింది. తర్వాత మాటయింది. ఆమెన్ దాకా వెళ్ళాను. పూస జరిగింది.

రెండోది చెప్పింది. అందుకున్నాను. నాలిక దానంతట అదే పోయింది, పాత అలవాటు కదా. పూస జరిగింది.

మూడోది చెప్పి ఆగింది. నేను మొదలుపెట్టాను. "పాపాత్ములమైన మా కొరకు" దాకా బాగానే వెళ్ళాను. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్నాను. అక్కడ ఆగిపోయాను. నలభై ఒక్క ఏళ్ళు టీవీ చూస్తూ అన్న మాట అది. ఆవిడ మాస్కు లాక్కుని నా నోటి నుంచి అడిగింది ఆ ఒక్క మాటే. ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ రానిది, చిన్నపిల్ల ముందు, వెక్కి వెక్కి వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

చిన్ని నా వైపు చూడలేదు. పూసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే కూర్చుంది. వీధిలో ఏదో బండి వెళ్ళింది. బుజ్జమ్మగారింట్లో కుక్కరు కూత వేసింది. పిల్ల తొందరపెట్టలేదు, అందించలేదు. ఆగింది.

"ప్రార్థించండి" అన్నాను చివరికి. "ఆమెన్."

పూస జరిగింది.

లేవబోయాను. "ఎక్కడికి తాతయ్యా, ఇంకా యాభై ఉన్నాయి" అంది చిన్ని. మళ్ళీ కూర్చున్నాను. పరలోక జపం ఇద్దరం కలిసి చెప్పాం. తర్వాత తను మొదటి పదిలో మొదటి పూస పట్టుకుని, నానమ్మ సగం చెప్పి, నా కోసం ఆగింది.

అందుకున్నాను.